రివెట్టు, ముడి: ఉక్కునగరము నుండి ఉప్పునీటికి

జంషెడ్‌పూరులో పుట్టి పెరిగినవారికి బిగించుట అనగా ఒక్కటే అర్థము: ఇక ఎన్నటికిని ఊడకుండునట్లు చేయుట. 1907లో స్థాపితమై 1912లో తొలి ఉక్కుదిమ్మెను పోసిన కర్మాగారపు పొగగొట్టముల నీడలో ఎదిగిన ఈ పట్టణమున, రెండు లోహఖండములను వియోగము లేకుండ కలుపు విద్యయే వేలాది కుటుంబములకు అన్నము పెట్టిన విద్య. కలకత్తాలో హుగ్లీ నదిపై 1943లో రాకపోకలకు తెరచిన హౌరా వంతెనకు పట్టిన 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు ఇచ్చటి కొలుములలో పుట్టినదేననియు, ఆ మహానిర్మాణము నట్లును బోల్టులును లేక ఎఱ్ఱగా కాల్చి కొట్టిన రివెట్ల పట్టుతోనే నిలిచియున్నదనియు, కద్మా వీధులలో మా పెద్దలు మాకు కథగా చెప్పెడివారు. శ్రీకాకుళము, విజయనగరము సీమల నుండి ‘టాటాకు పోయిన’ సంసారముల సంతతి మేము. శ్రీరామనవమినాడు బిష్టుపూరు రామమందిరమున తెలుగు విని, తక్కిన సంవత్సరమంతయు మిల్లు సైరను వినుచు పెరిగినవారము. సముద్రము మాకు వేసవి సెలవులలో తాతగారి ఊరికి పోయినపుడు చేసెడి ఒక్కనాటి స్నానము మాత్రమే.

అట్టి ఊరివాడనగు నేను, విశాఖపట్టణమునకు ఉత్తరమున ఋషికొండ ఒడ్డున నీట మునుగుట నేర్వవలెనని మొదటిసారి సామాను కట్టుకొని పోయినపుడు, ప్రతి వస్తువును రివెట్టు కొట్టినట్లే బిగించుకొని పోయితిని. మాస్కు పట్టీకి నైలాను తాడు చుట్టితిని. టార్చికి ఇనుపతీగ మెలిపెట్టితిని. సీసపు దిమ్మలు గ్రుచ్చిన నడికట్టునకు బకిలు చాలదని తలచి దానిపై మూడు ముళ్ళు వేసితిని. ఒడ్డున వల బాగుచేసికొనుచున్న వృద్ధ జాలరి యొకడు నా నడుమును చూచి పని ఆపి, “ఇదేటి బాబూ, ఇలగ కట్టీసినావు? ముడికి పట్టుండాల. ఒక్క లాగు లాగితే ఊడిపోవాల కూడాను. ఊడని ముడి సంద్రంలో సావుముడి” అనెను.

ఆ తీరమున తరతరములుగా వాడుకలోనున్న తెప్పయే ఆ మాటకు ప్రత్యక్షప్రమాణము. తేలిక కలపదుంగలు కొన్నింటిని ప్రక్కప్రక్కన చేర్చి, మేకొక్కటియు లేకుండ త్రాళ్ళతో బిగించి, దానిపై కెరటములను దాటి వేటకు పోయివచ్చి, ఒడ్డు చేరిన పిదప ఆ కట్లను విప్పి దుంగలను ఎండకు ఆరవేయుదురు. నీరు పీల్చిన కలప బరువెక్కును గనుక నేటి విప్పుట లేక రేపటి తేలుట లేదు. కెరటము కొట్టినపుడు రివెట్టు వేసిన పలక ఆ దెబ్బనంతయు తానే భరింపవలెను. త్రాటికట్టు కొంచెము కదలి, కొంచెము సాగి, దెబ్బను దుంగలన్నింటికి పంచిపెట్టును. నీటిలోనికి దిగువాని సామానునకు ఆదర్శము వంతెన కాదు, తెప్ప. ఆ వృద్ధుని మాట పట్టుకొనియే నేను అటు పిమ్మట నా సంచిలోని ఒక్కొక్క వస్తువును ఏది పట్టి ఉండవలెను, ఏది ఎప్పుడు విడిపోవలెను అని పరీక్షింప నారంభించితిని.

పడవ నెక్కి లోతునకు పోయి దూకుట వేరు, ఒడ్డు నుండి నడచి పోయి మునుగుట వేరు. పడవలో బరువు మోయుటకు సహాయులుందురు, ఎక్కుటకు దిగుటకు నిచ్చెన యుండును. తీరపు డైవింగులోనో, గాలి సిలిండరు, గాలి నింపుకొను జాకెట్టు, సిలిండరు గాలిని నోటికందించు రెగ్యులేటరు, సీసము కలిసి ఇరువదియైదు ముప్పది కిలోల భారమును వీపునను నడుమునను దాల్చి, కాలిక్రింద జారెడి ఇసుకలో, ముఖముపై పగిలెడి కెరటములో, తన బిగింపులను తానే పరీక్షించుకొనవలెను. ఋషికొండ వంటి ఒడ్డున, లోతు తక్కువయైన ఇసుకనేలమీద విద్యార్థులు నేర్చునది ఈ విద్యయే. అందుచేత ఈ విహారమునకు సామాను సర్దుట అనగా పీడనమును, ఉత్ప్లవనమును, తరంగబలమును, లవణమును ఇంటివద్దనే ఊహించి చేయు లెక్కయని చెప్పవలెను.

టాటానగరు స్టేషనుకు బయలుదేరువాడు మొట్టమొదట విడిచిపోవలసినవానిని ఏరుకొనవలెను. గాలి నింపిన సిలిండరును రైలుపెట్టెలోనికి తేరాదు: 1989 నాటి రైల్వేల చట్టము 67వ విభాగమున ప్రమాదకర వస్తువులను ప్రయాణికులు వెంట గొనిపోవుటను నిషేధించి, 164వ విభాగమున ఆ తప్పునకు మూడేండ్ల వరకు కారాగారమును నిర్ణయించినది. ఈ నిషేధమునకు వెనుకనున్న భయము శాస్త్రసమ్మతమైనదే. డైవరు సిలిండరులోని గాలి సుమారు 200 బార్ల పీడనమున, అనగా మనము పీల్చు గాలికి రమారమి ఇన్నూరు రెట్ల ఒత్తిడితో కూరబడియుండును. ఘనపరిమాణము మారని వాయువుయొక్క పీడనము పరమ ఉష్ణోగ్రతతోపాటు పెరుగును గనుక, 27 డిగ్రీలవద్ద 200 బార్లున్న సిలిండరు, మే నెల ఎండలో తలుపులు మూసిన వాహనమున 47 డిగ్రీలకు వేడెక్కినచో, 300 కెల్విన్లు 320 అయి, పదునైదింట ఒక వంతు పెరిగి 213 బార్లకు చేరును. మంచి సిలిండరు దానికి పగులదు. కాని దొర్లిపడి దాని కవాటము విరిగినచో, ఆ గాలి వెడలు వేగమునకు సిలిండరే బాణమగును.

కనుక సిలిండరును, దానితోపాటు సీసపు దిమ్మలను, సముద్రపుటొడ్డున శిక్షకులయొద్ద అద్దెకు తీసికొనుట యుక్తము. స్లీపరు తరగతి ప్రయాణికునకు రుసుము లేక అనుమతించు సామాను 40 కిలోలు. అందులో సీసము మోసికొనిపోవుట అవివేకము. విశాఖ స్టేషను దిగి ఒడ్డునకు పోవు వాహనమున అద్దె సిలిండరును నిలువుగా నుంచరాదు, అడ్డముగా పరుండబెట్టి రెండుచోట్ల పట్టీతో కట్టవలెను. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు వాహనము చటుక్కున ఆగినచో, కట్టని సిలిండరు ముందు కూర్చున్నవారి వీపులను తాకు వేగము, అది సుమారు పది మీటర్ల ఎత్తునుండి, అనగా మూడంతస్తుల మేడమీదనుండి, పడినచో నేలను తాకు వేగమునకు సమానము. పదునాలుగు కిలోల లోహము విషయమున ఈ ఒక్క పోలిక చాలునని నా నమ్మకము.

ఉక్కు ఊరివాడు అద్దె ఇచ్చువానిని అడుగవలసిన మొదటి ప్రశ్న, సిలిండరు ఉక్కుదా అల్యూమినియముదా యని. ఇందొక చిత్రమైన లెక్క కలదు. 11 లీటర్ల గాలిస్థలముగల అల్యూమినియము సిలిండరు తూకము సుమారు 14 కిలోలు. అల్యూమినియము సాంద్రత నీటికి 2.7 రెట్లు మాత్రమే గనుక ఆ లోహమే ఐదు లీటర్లకు పైగా చోటాక్రమించి, మొత్తము సిలిండరు 16 లీటర్లకు మించిన సముద్రజలమును త్రోసివేయును. ఆర్కిమెడిసు సూత్రము ప్రకారము ఆ నీటి బరువంత బలము దానిని పైకెత్తును. ఖాళీ సిలిండరు బరువు దానికన్న తక్కువ. కనుక కవాటముతో సహా చూచినను అది తేలును. 12 లీటర్ల ఉక్కు సిలిండరు తూకము కూడ రమారమి 14 కిలోలే. అయినను ఉక్కు సాంద్రత నీటికి 7.8 రెట్లగుటచే దాని గోడలు రెండు లీటర్ల చోటునైన పట్టవు, మొత్తము త్రోసివేయు నీరు 14 లీటర్లకు లోపే యుండును, కవాటము బరువు చేరగా ఖాళీయైనను మునుగును. అనగా ఒకే తూకముగల రెండు సిలిండర్లలో బలహీనమైన లోహముతో దళసరిగా చేసినది తేలును, బలమైన లోహముతో పలుచగా చేసినది మునుగును.

దీని ఫలితము మునక చివరలో తెలియును. గాలికి బరువు లేదని లోకమున భావింతురు. కాని 200 బార్ల వద్ద నిండిన అల్యూమినియము సిలిండరులో రెండున్నర కిలోలకు పైబడిన గాలి కలదు. దిగునపుడు ఆ బరువు మనలను క్రిందికి లాగును. గాలి పీల్చికొనుచు పోవ పోవ ఆ బరువు బుడగలై పైకి పోవును. ఇసుకనేలను పట్టి సుఖముగా నిలిచినవాడు, నలుబది నిమిషముల తరువాత ఒడ్డునకు దగ్గరగా వచ్చుసరికి, తన వీపుననే తేలియాడు సిలిండరుచే పైకీడ్వబడును. ఆ సమయమున కావలసిన సీసమును ఆరంభముననే కట్టుకొనవలెను. అల్యూమినియము సిలిండరువానికి ఉక్కు సిలిండరువానికన్న సుమారు రెండు కిలోల సీసము అధికముగా కావలసివచ్చుట ఇందుచేతనే.

మరియొక లెక్క మన ఊరి నీటికి సంబంధించినది. దల్మా కొండల పాదమున నున్న డిమ్నా సరస్సులో ఈత నేర్చినవాడు సముద్రమున తాను కొంచెము తేలికయైనట్లు గ్రహించును. మంచినీటికన్న సముద్రజలము నూటికి రెండున్నర వంతులు అధిక సాంద్రత కలది. సామానుతో సహా 90 లీటర్ల చోటు పట్టు మనుష్యుని సముద్రము మంచినీటికన్న రెండుంబావు కిలోలు అధికముగా పైకెత్తును. ఊరిలో ఏ ఈతకొలనులోనో సీసపు తూకము నిర్ణయించుకొని వచ్చినవారు ఒడ్డున మునుగలేక కాళ్ళు కొట్టుకొనుచుండుట నేను చూచితిని. వారి తప్పు కాలిబలములో లేదు, నీటిలోని ఉప్పులో నున్నది.

ఈ సీసము విషయముననే జాలరి మాట అక్షరసత్యమై నిలిచినది. నియోప్రీను దుస్తు అనంతకోటి వాయుబుద్బుదములుగల రబ్బరు. పది మీటర్ల లోతున పీడనము ఉపరితలమునకు రెండింతలగుటచే, 1662 నాటి బాయిలు నియమము చెప్పినట్లు ఆ బుద్బుదములు సగమునకు కుంచించుకొనిపోవును, దుస్తు ఎత్తుబలము తగ్గును, డైవరు బరువెక్కును. ఆ సమయమున జాకెట్టులోనికి గాలి ఎక్కకపోయినచో ప్రాణము కాపాడునది సీసపు నడికట్టును ఒక్క చేతితో విడిచివేయుటయే. అందుచేత నడికట్టు బకిలు కుడిచేతితో ఒక్క లాగుకు విడిపోవలెను, పట్టీకొస స్వేచ్ఛగా వ్రేలాడవలెను, దానిపై మరే పట్టీయు అడ్డు రాకూడదు, తక్కినవన్నియు ధరించిన తరువాతనే దానిని కట్టుకొనవలెను. నేను వేసిన మూడు ముళ్ళు నన్ను సముద్రపు అడుగునకు రివెట్టు కొట్టినట్లని అప్పుడు నాకు తెలియలేదు. దుస్తును ప్రయాణములో మడచి త్రొక్కిపెట్టరాదనుటకు కూడ ఆ బుద్బుదములే కారణము: మడతవద్ద నలిగినవి మరల ఉబ్బవు, అచ్చట వెచ్చదనము పోవును. చుట్టగా చుట్టి సంచిలో అన్నిటికిని పైన ఉంచుట మేలు.

కెరటము సంగతి వేరుగా చెప్పవలెను, ఏలయనగా తీరపు డైవింగులో నష్టములలో అధికభాగము మోకాలిలోతు నుండి రొమ్ములోతు వరకు గల ఆ కొలది గజముల దూరముననే జరుగును. అల తన ఎత్తునకు సుమారు 1.3 రెట్ల లోతున పగులును. మీటరు ఎత్తున వచ్చు అల రమారమి రొమ్ములోతు నీటిలో విరుగునన్నమాట. సరిగా అచ్చటనే క్రొత్తవాడు నిలిచి, పాదములకు ఈతరెక్కలగు ఫిన్సు తొడుగుకొనుటకు ఒంటికాలిపై నిలుచును! ఒక ఘనమీటరు సముద్రజలము 1,025 కిలోల బరువు. అంతటి ద్రవ్యరాశి వచ్చి తాకినపుడు నొసటిమీదికి ఎత్తి ఉంచిన మాస్కు నిలువదు, చేత పట్టిన టార్చి నిలువదు, వ్రేలాడు గొట్టము మనుష్యునే త్రిప్పును. కావున నీటిలో పాదము పెట్టకమున్నే మాస్కు ముఖముపై నుండవలెను, రెగ్యులేటరు నోట నుండవలెను, అల వచ్చునపుడు అరచేతితో రెండింటిని కలిపి అదిమి పట్టవలెను. ఫిన్సును పట్టీలలో చేయి దూర్చి మోసికొనిపోయి, అల పగులుచోటు దాటిన పిదప, తోడివాని భుజము ఊతగా తొడుగుకొనవలెను.

రెండవ రెగ్యులేటరు, పీడనమాపకము, టార్చి ఈ మూడును వ్రేలాడరాదు. వ్రేలాడునది ఇసుకను ఊడ్చును. రెగ్యులేటరు కవాటమున చిక్కిన ఇసుకరేణువు దానిని మూయనీయక గాలినంతయు బయటికి వెడలగొట్టును. వ్రేలాడునది వలలో చిక్కును కూడ. ఈ తీరమంతయు వేటసీమ. తెగి కొట్టుకొనివచ్చిన సన్నని నైలాను వలలు నీటిలో కంటికి ఆనవు. మాపకమును కొక్కెముతో జాకెట్టు వలయమునకు తగిలింపవలెను. రెండవ రెగ్యులేటరును మాత్రము కొక్కెమునకు తగిలింపక, రొమ్ముపై రబ్బరు పట్టులో దూర్చి, గాలి కొరవడిన తోడివాడు లాగిన తక్షణమే వచ్చునట్లుంచవలెను; అది మన కొరకు మోయునది కాదు, వాని కొరకు మోయునది. వల కోయు చిన్న కత్తిని ఏ చేతికైనను అందుచోట నుంచవలెను. నీటిపై మన ఉనికిని తెలుపు తేలుడు గుర్తు త్రాటిని ఎన్నడును దేహమునకు ముడివేయరాదు. ఏ పడవయో దానిని ఈడ్చికొనిపోయినపుడు చేయి విడిచినంతనే మనము విడివడవలెను.

రెగ్యులేటరు వృత్తాంతము మనోహరమైనది. యుద్ధకాలపు ఫ్రాన్సున పెట్రోలు కరవై వాయువుతో కార్లు నడుపవలసి వచ్చినపుడు ఎమీల్ గాన్యాన్ అను ఇంజనీరు ఆ యింజన్లకు కావలసిన మేరకే వాయువును విడుచు కవాటమును రూపొందించెను. జాక్ కూస్తో దానిని చూచి, ఇంజను పీల్చుటకును మనుష్యుడు పీల్చుటకును భేదము లేదని గ్రహింపగా, 1943లో ఇరువురును కలిసి నేటి రెగ్యులేటరునకు పూర్వరూపమును నిర్మించిరి. ఇన్నూరు బార్లను తొలి అంచెలో పది బార్ల ప్రాంతమునకు దించి, మలి అంచెలో చుట్టునున్న నీటి పీడనమునకు సమానముగా చేసి నోటికందించు ఈ పరికరమును పెట్టెలో వేయక చేతిసంచిలో వెంట ఉంచుకొనవలెను. గొట్టములను పెద్ద వలయములుగా చుట్టవలెను. లోహపు కొసకు దగ్గర విరిచిన గొట్టము లోపల చీలి, పైకి నిక్షేపముగా కనబడుచుండును.

మాస్కును దాని గట్టి డబ్బాలోనే పెట్టవలెను, ఫిన్సుల క్రింద నొక్కుకొనిపోయిన సిలికాను అంచు వంకర తిరిగి నీరు కార్చును. టార్చినుండి బ్యాటరీలు తీసి వేరుగా చుట్టవలెను. నీటిచే చల్లబడుటకు చేసిన దీపము సంచిలో తనంతట వెలిగినచో గుడ్డలను కాల్చును. కెమెరా పెట్టె మూతకు చుట్టునుండు రబ్బరు వలయముపై తువాలు నూలుపోగొక్కటి పడినను ఇరువది మీటర్ల లోతున నీరు ఆ దారినే వచ్చును.

ఇక లవణము. ఈ విషయమున జంషెడ్‌పూరువారికి బయటివారు చెప్పవలసినది లేదు. 1950 నవంబరు 26న జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహశాస్త్ర పరిశోధనశాల మా బర్మామైన్సులోనే కలదు; ఉప్పుగాలి లోహమునకేమి చేయునో చూచుటకు ఆ సంస్థ బంగాళాఖాతపు ఒడ్డున దిఘాలో ప్రత్యేకముగా ఒక పరిశోధనకేంద్రమును నెలకొల్పినది. కొండలనడుమ నున్న ప్రయోగశాల సముద్రతీరమున ఒక ఇల్లు కట్టవలసివచ్చెననగా, ఉప్పు చేయు పని ఎంతటిదో ఊహింపవచ్చును.

తుప్పుపట్టని ఉక్కు అనునది నిజమునకు నిరంతరము తుప్పుపట్టుచు తన్ను తాను కాచుకొను ఉక్కు. అందలి క్రోమియము గాలిలోని ఆక్సిజనుతో కలిసి, మీటరులో వందకోట్లవ వంతుల కొలతలో చెప్పదగినంత పలుచని పొరయై, గీత పడినచోట మరల అల్లుకొనుచుండును. ఆ క్రోమియమునకు మూలమైన ఖనిజము మనకు ఒడిస్సాలోని సుకింద లోయనుండి వచ్చును. సముద్రజలములోని క్లోరైడు ఈ పొరను సూదిమొనలవంటి రంధ్రములుగా చీల్చును. ఆక్సిజను అందని సందులలో, అనగా కొక్కెపు స్ప్రింగులోపల, పట్టీక్రింది బకిలులో, పొర తిరిగి అల్లుకొనజాలదు. వంటింటి గిన్నెలకు వాడు 304 రకపు ఉక్కు అచ్చట గోధుమరంగు మరకలు వేయును. నూటికి రెండు మూడు వంతులు మాలిబ్డినము చేరిన 316 రకము చాల కాలము నిలుచును. సాక్చి బజారులో తళతళలాడు కొక్కెము కొనునపుడు రకమేమని అడిగి కొనవలెను. స్ప్రింగు బిగిసిన కొక్కెము ముడిపడిన త్రాటివంటిదే: విడిపోవలసినపుడు విడిపోదు, అదియొక రివెట్టగును.

రెండు భిన్నలోహములు ఉప్పునీటిలో తాకియుండుట మరింత హాని. అల్యూమినియము సిలిండరు మెడలో క్రోమియము పూత వేసిన ఇత్తడి కవాటము కూర్చుండినచోట ఒక చిన్న విద్యుత్ఘటము పుట్టి అల్యూమినియమును తినివేయుచుండును. ఉప్పు ఎండి స్ఫటికమైనంతమాత్రమున ఊరుకొనునని భ్రమపడరాదు; సముద్రలవణములోని మెగ్నీషియము క్లోరైడు గాలిలోని తేమను లాగి తన చుట్టు చెమ్మను నిలుపుకొనును గనుక, సంచిలో మూసిన సామాను రైలులో ఇంటికి వచ్చుచున్నంతసేపును సముద్రములోనే యున్నట్లు. అందుచేత తిరుగు ప్రయాణమునకు ముందే, ఒడ్డుననే, ప్రతి వస్తువును మంచినీటిలో నానవేసి, కొక్కెములను పదిసార్లు తెరచి మూసి, నీడలో ఆరవేయవలెను. రెగ్యులేటరును కడుగునపుడు తొలి అంచె మూతను పొడిగా తుడిచి బిగింపవలెను, నోటి అంచె మీట నొక్కరాదు. నొక్కిన కవాటము తెరచుకొని ఉప్పునీరు లోపలి గొట్టమునకే ప్రవేశించును.

కట్టిన సామానును విప్పి, కడిగి, ఆరవేసిన తరువాతకూడ విడిపోని ముడి యొకటి మిగులును. అది డైవరు నెత్తుటిలో నుండును. లోతున అధికపీడనమున పీల్చిన నత్రజని రక్తమునందును కొవ్వునందును కరగి నిలుచును. పైకి వచ్చిన పిదప అది గంటలకొలది మెల్లమెల్లగా ఊపిరితిత్తుల దారిని వెడలును. పైపీడనము అకస్మాత్తుగా తగ్గినచో, మూత తీసిన సోడాబుడ్డివలె, అది బుడగలై కీళ్ళలో, వెన్నుపాములో చిక్కును. బకిలు క్షణములో విడిపోవలెను. ఈ ముడి మాత్రము తొందరపెట్టక విప్పుకొననీయవలెను.

ఈ విషయమును తొలుత లెక్కకు తెచ్చినవాడు జాన్ స్కాట్ హాల్డేను. మేకలపై ప్రయోగములు చేసి, అంచెలంచెలుగా పైకి వచ్చు పద్ధతిని 1908లో ప్రకటించెను. పదుమూడేండ్ల ప్రాయమున తండ్రితోపోయి నీరుకారు డైవింగు దుస్తులో సముద్రమున దిగిన ఆయన కుమారుడు జె. బి. ఎస్. హాల్డేను, 1939లో థీటిస్ జలాంతర్గామి మునిగి 99 మంది మరణించిన పిదప, ఉక్కుగదులలో కూర్చుండి పీడనపు ప్రభావములను తన శరీరముమీదనే పరీక్షించుకొనెను. ఒకమారు ఆక్సిజను విషప్రభావమున వచ్చిన మూర్ఛలో ఆయన వెన్నుపూసలు నలిగినవి. 1957లో భారతదేశమునకు వచ్చి, ఇచ్చటి పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వరమున దేహము చాలించెను. జీవితమంతయు ప్రయోగశాలయైన ఆ దేహమును ఆయన తన వీలునామాలో కాకినాడ రంగరాయ వైద్యకళాశాల విద్యార్థులకు అప్పగించియుండెను. తెలుగుదేశపు సముద్రమున మునుగువారు తలచుకొనదగిన పేరది.

విశాఖ వచ్చిన మా ఊరివారికి ఒక అలవాటు కలదు: పగలంతయు సముద్రము, మరునాటి తెల్లవారుజామున అరకు రైలు. కొత్తవలస–కిరండూలు మార్గమున శిమిలిగూడ స్టేషను సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చట వాయుపీడనము ఒడ్డునకన్న సుమారు తొమ్మిదింట ఒక వంతు తక్కువ. ఆ సొరంగముల దారిలో కిటికీప్రక్క కూర్చున్న డైవరు, తనకు తెలియకయే, విమానమెక్కినవానివలె పీడనమును కోల్పోవుచుండును. ఆరువందల మీటర్లకు పైబడిన ఎత్తునకు పోవుటను విమానయానముతో సమానముగా నెంచి, ఒక్కసారి మునిగినవారు కనీసము 12 గంటలును, అనేక పర్యాయములు లేక కొన్ని దినములు వరుసగా మునిగినవారు కనీసము 18 గంటలును ఆగవలెనని డైవర్ల రక్షణకు పాటుపడు సంస్థలు నిర్ణయించినవి. రైలు టిక్కెట్లు ముందుగా కొనువారు అరకును ప్రయాణపు ఆరంభమున పెట్టుకొనుడు. లేదా మీ చివరి మునకకును అరకు రైలునకును నడుమ ఒక పూర్తి దినము విడువుడు.